లోపలి నుంచి తెరుచుకునే తలుపు

కొత్త వ్యాన్ కొన్నవాళ్ళు దాన్ని మా షెడ్డుకు తెచ్చినప్పుడు, ముందు చుట్టూ తిరిగి ఎక్కడైనా గీత పడిందా అని చూసుకునేవారు. లోపలికి ఎక్కి చూసేవాళ్ళు చాలా తక్కువ. నా పని మాత్రం జీవితమంతా లోపలే. పెద్ద కార్గో వ్యాన్లకు లోపల నేల పరచడం, గోడలకు పలకలు బిగించడం, అరలు, బెంచీలు, లైట్లు, కప్పు మీద గాలి ఆడే మూతలు పెట్టడం. మాది హైదరాబాద్‌లో కొత్తగూడే. నాయన వడ్రంగి. ఆయన బండ్లకు చెక్క కొట్టాడు, నేను బండ్లలోపల చెక్క కొట్టాను. మా షెడ్డు కొండాపూర్ దాటాక ఉండేది. ఇప్పుడు ఆ జాగాలో అద్దాల బిల్డింగు లేచింది, దాని ముందు నిలబడితే సెక్యూరిటీవాడు ఎవరు కావాలని అడుగుతాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. ఏ ప్లైవుడ్ తడికి ఆగుతుంది, ఏ జిగురు ఎండకు ఊడదు అని అడుగుతారు. అవి ఏ షాపువాడైనా చెబుతాడు. నేను చెప్పదలచుకున్నది వేరు. అది విని మీకు ఉత్సాహం రాదు, ముందే చెబుతున్నాను.

ఖాళీ డబ్బా

కంపెనీ నుంచి వచ్చిన కార్గో వ్యాన్ ముందు సగం ఒక లోకం, వెనుక సగం ఇంకో లోకం. ముందు డ్రైవర్‌కు మెత్తటి సీటు, ఏసీ, ఫోన్ చార్జింగు, నీళ్ళ సీసా పెట్టుకునే గుంట. వెనుక వట్టి రేకు. మే నెలలో ఆ రేకు మీద చెయ్యి పెడితే అంటుకుంటుంది. చిన్న గుంతలో పడినా లోపల డప్పు కొట్టినట్టు మోగుతుంది. వ్యాన్ పెద్దది అంటారు గానీ, చక్రాల మీద లేచిన దిమ్మెలు కొంత తింటాయి, మనం కట్టే గోడలు కొంత తింటాయి, అరలు కొంత తింటాయి. చివరికి మనిషికి మోకాళ్ళు పెట్టుకునే జాగా మిగిలితే గొప్ప.

తలుపుల సంగతి కూడా అంతే. ముందు తలుపులు లోపలి నుంచీ బయటి నుంచీ తెరుచుకుంటాయి. వెనుక రెండు రెక్కల తలుపు బయట నుంచే తెరుచుకుంటుంది. సరుకు తనంతట తాను దిగదు కదా, లోపల హ్యాండిల్ ఎందుకని తయారుచేసినవాళ్ళు అనుకుని ఉంటారు. సరుకు విషయంలో వాళ్ళనుకున్నది సబబే.

ఎక్కి కూర్చోవడం

నాకు ఒక అలవాటు ఉండేది. పని పూర్తయ్యాక నేను వెనుక ఎక్కి, తలుపులు వేయించుకుని, కొత్తగూడ దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. బయట నిలబడి చూస్తే ప్రతి వ్యానూ బాగానే ఉంటుంది. చీకట్లో, ఎండలో, మలుపులో కూర్చున్నప్పుడు తెలుస్తుంది మనం ఏం కట్టామో. వీలైతే యజమానిని కూడా ఎక్కించేవాణ్ణి. చాలామంది నవ్వి తప్పించుకునేవారు.

ఒకసారి వరంగల్ వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు కోకాపేట ఆఫీసుల దగ్గర టిఫిన్లు అమ్ముకోవడానికి వ్యాన్ చేయించుకున్నారు. ఆమెకు కప్పు కింద ఇంకో కప్పు, అందులో రంగు లైట్లు కావాలి. అతను మంచి పొడగరి. ఆ లైట్ల కప్పు కింద మెడ వంచి నిలబడి, బాగుంది, బాగుంది అంటున్నాడు, భార్య మనసు కష్టపెట్టడం ఇష్టం లేక. నేను అతని చేతికి గరిటె ఇచ్చి, దోసెలు పోస్తున్నట్టు కాసేపు నిలబడమన్నాను. కాసేపటికి ఆమే వచ్చి ఆ కప్పు తీసేయమంది. అది మా షెడ్డులో నాకు బాగా తృప్తినిచ్చిన పని. ఆ తర్వాత అక్కడ రోడ్డు వెడల్పు చేసి బండ్లన్నీ తరిమేశారు, వాళ్ళు వ్యాన్ అమ్ముకుని వెళ్ళిపోయారు. మన పని మంచిగా ఉన్నంత మాత్రాన బండి రోడ్డు మీద నిలవదని నాకు అప్పుడే అర్థమైంది.

ప్రసాదరావు గారు

మా షెడ్డు యజమాని ప్రసాదరావు గారిది గుంటూరు వైపు. కోపం వచ్చినా అండీ అనే తిట్టేవారు. నాసిరకం ఇనుము షెడ్డు గడప తొక్కనిచ్చేవారు కాదు. పనివాళ్ళ మీద అరిచి ఎరగరు. ఒక్కటే లోపం, కస్టమర్‌కు కాదని చెప్పడం ఆయనకు చేతకాదు. ఇది తప్పు పని అండీ అని నేనంటే, మనం చేయకపోతే ఇంకొకరు చేస్తారండీ అనేవారు. ఈ మాట మీరూ వింటారు. నాకు ఒళ్ళు మండే మాట ఇది. అందులో అబద్ధం లేదు, అందుకే దానికి జవాబు దొరకదు.

ఒక హౌస్‌కీపింగ్ కాంట్రాక్టర్ వ్యాన్ తెచ్చినప్పుడు కూడా ఆయన ఇదే మాట అన్నారు. ఆ కాంట్రాక్టర్‌కు హైటెక్ సిటీ చుట్టూ కొన్ని ఆఫీసు టవర్లలో తుడిచే పని ఉండేది. నేల కడిగే మెషీన్లకు అర, మాపు కర్రలకు స్టాండు, యాసిడ్, ఫినాయిల్ డబ్బాలకు జాలీ గూడు కావాలన్నాడు. చివర్లో, రెండు పక్కలా మడిచే బెంచీలు కూడా పెట్టండి అన్నాడు. సరుకుతో పాటు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వస్తారట. మడిచేస్తే బెంచీ ఉన్నట్టు కనిపించకూడదట. సరుకు బండిలో మనుషుల్ని కూర్చోబెట్టడానికి పర్మిషన్ లేదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. ఇద్దరు ముగ్గురు కోసం అంత పొడుగు బెంచీ ఎవరూ అడగరని కూడా తెలుసు.

ప్రసాదరావు గారు ఒప్పుకున్నాక నాకు మిగిలింది నా విద్య. ఆ విద్య మీకు చెబుతాను, ఎందుకంటే ఏ కోర్సులోనూ చెప్పరు. ఇలాంటి బండిలో మనిషి కోసం ఏదైనా పెడతానంటే వద్దంటారు. సరుకు కోసమంటే సరే అంటారు. యాసిడ్ వాసనకు రేకు పాడవుతుందని చెప్పి కప్పు మీద గాలి మూతలు పెట్టించాను. మెషీన్లు కదిలి గీతలు పడతాయని చెప్పి గోడలకు మందంగా స్పాంజి వేశాను. మాపు కర్రలు పడకుండా అని చెప్పి పట్టుకునే కడ్డీ బిగించాను. వ్యాన్ పక్కన జరిపే తలుపు ఉంది గానీ దానికి అడ్డంగా మెషీన్ల అర వచ్చింది, ఇంకెక్కడా పట్టలేదు. కాబట్టి ఎక్కినా దిగినా వెనుక తలుపే.

అంజమ్మ అడిగింది

కొన్నాళ్ళకు ఒక బెంచీ మడత ఊడిపోయిందని డ్రైవర్ శీను ఆ వ్యాన్ తెచ్చాడు. డ్యూటీ మధ్యలో తెచ్చాడు. వెనుక తలుపు తీస్తే, రెండు బెంచీల నిండా ఆడవాళ్ళు. మోకాళ్ళ మధ్య డబ్బాలు, ఒళ్ళో బకెట్లు. ఎండకు మొహాలు పీక్కుపోయి ఉన్నాయి. ఒక్కొక్కరే దిగి నీడకు పోయారు. చివర దిగిన ఆమె మాత్రం పోలేదు. తలుపు పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూస్తోంది. ఆమే అంజమ్మ. నారాయణపేట వైపు మనిషి, మా కొత్తగూడలోనే వెనక సందులో కిరాయికి ఉంటోంది.

ఏం చూస్తున్నావమ్మా అని అడిగితే జరిగింది చెప్పింది. అంతకుముందు ఒక ఆఫీసు సెల్లార్‌లో శీను బయట తలుపు వేసి గేటు పాసు కోసం వెళ్ళాడు. లోపల యాసిడ్ డబ్బా మూత వదులై కారింది, ఆగిన బండిలో కప్పు మూతల్లోంచి గాలి ఆడలేదు. కళ్ళు మండి, దగ్గు వచ్చి, వీళ్ళు గోడలు బాదారు. సెల్లార్‌లో ఉన్న సెక్యూరిటీ అతను లోపల మెషీన్లు కొట్టుకుంటున్నాయి అనుకున్నాడట. ఒకామె స్పృహ తప్పింది. ఇంతలో శీను వచ్చాడు కాబట్టి సరిపోయింది.

"అన్నా, గీ తలుపు లోపలికెల్లి తీసుకునేటట్టు ఒక హ్యాండిల్ పెట్టరాదే?" అంది అంజమ్మ. "బయటికెల్లి ఎవరో తీస్తేనే మేం దిగాలె. ఆ దినం సస్తమనుకున్నం."

కాంట్రాక్టర్‌ను అడగాలమ్మా అన్నాను. అడిగితే పెట్టనియ్యడని, అడగకుండా పెట్టమని ఆమె అంది. సరుకు బండికి లోపల హ్యాండిల్ ఎందుకని రోడ్డు మీద ఎవరైనా అడిగితే తన గుట్టు బయటపడుతుందని అతని భయం, అది ఆమెకూ తెలుసు. ఆమె బతిమాలినట్టు మాట్లాడలేదు. నీళ్ళు ఇమ్మని అడిగినట్టు అడిగింది. నాకు ఆ అడగడం నచ్చింది.

వెళ్ళి ప్రసాదరావు గారికి చెప్పాను. కస్టమర్‌కు మనం చెప్పలేమండీ అంటారనుకున్నాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. తర్వాత కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి, డబ్బాలు సర్దే మనిషి లోపల ఉండగా గాలికి తలుపు పడిపోతే మీ పని ఆగిపోతుందండీ, లోపల ఒక హ్యాండిల్ ఉంటే మంచిదండీ అన్నారు. సరుకు పేరు చెప్పారు కాబట్టి అతను ఒప్పుకున్నాడు. నా విద్య ఆయన ఎప్పుడు నేర్చుకున్నారో నాకు తెలియదు. ఆ రోజు ఆయన మీద గౌరవం పెరిగింది.

బజారులో దొరికే మామూలు హ్యాండిల్, కిందికి నొక్కితే తెరుచుకునేది, బెంచీ మడతతో పాటు ఆ పూటే బిగించాను. అంజమ్మ లోపల కూర్చుని తలుపు వేయించుకుని తనే తెరుచుకుంది. మళ్ళీ వేయించుకుంది, మళ్ళీ తెరిచింది. చిన్నపిల్లలా నవ్వింది. మిగతా వాళ్ళు ఎక్కుతూ ఉంటే, ఇగ ఫికర్ లేదు అని అందరికీ చెప్పింది.

సంచులు

ఆ వ్యాన్‌లో ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉంది. మెషీన్‌కు అర ఉంది, మాపుకు స్టాండు ఉంది, యాసిడ్‌కు గూడు ఉంది. అన్నం సంచికి మాత్రం చోటు లేదు. కాంట్రాక్టర్ చెప్పిన సామానులో అన్నం సంచి లేదు. ఉండడానికి వీల్లేదు, ఆ బండిలో మనుషులే లేరు కదా.

కానీ ప్రతి ఆడమనిషికీ ఒక సంచి ఉంటుంది. స్టీలు డబ్బా, నీళ్ళ సీసా, మార్చుకునే చీర. నేల ఎప్పుడూ ఫినాయిల్ నీళ్ళతో తడిగా ఉంటుంది, అన్నం దాని మీద పెట్టరు. ఒళ్ళో బకెట్ ఉంటుంది. ఇక మిగిలింది తలుపు మీద ఆ హ్యాండిల్. మొదట ఒకరు తగిలించారు. తర్వాత ఒకరి సంచికి ఇంకొకరి సంచి. అంజమ్మ తలుపు పక్కనే కూర్చునేది. రబ్బరు సందులోంచి కాస్త గాలి వస్తుందని ఒకటి, ఆ హ్యాండిల్ తను పెట్టించిందని ఒకటి.

ఒక పొద్దున వ్యాన్ కొత్తగూడ ఫ్లైఓవర్ దిగి వస్తోంది. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరింది. సంచులన్నీ ఒక్కసారి కిందికి గుంజాయి. హ్యాండిల్ తన పని తాను చేసింది, తలుపు తెరుచుకుంది. జారిపోతున్న సంచిని పట్టుకోబోయి అంజమ్మ రోడ్డు మీద పడింది. వెనుక వస్తున్న బైకు కుర్రాడు బండి అడ్డం తిప్పి నిలిపాడు, లేకపోతే ఆమె దక్కేది కాదు. తుంటి ఎముక విరిగింది. స్టీలు డబ్బాలు మూతలూడి అన్నమంతా రోడ్డు మీద ఉందని, బండ్లు దాని మీద నుంచే పోతున్నాయని శీను తర్వాత నాకు చెప్పాడు. అది చెబుతూ అతను ఏడ్చాడు.

కాంట్రాక్టర్ మరునాడే వ్యాన్‌తో వచ్చాడు. ఈ హ్యాండిల్ వల్లే ఇదంతా, వెంటనే తీసేయమన్నాడు. హ్యాండిల్ లేకుండా సెల్లార్‌లో ఏం జరిగిందో నేను చెప్పబోతే, అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదుగా అన్నాడు. ప్రసాదరావు గారు నేల చూపులు చూస్తూ, తీసేయండి సత్తయ్య గారూ అన్నారు. ఎన్నో ఏళ్ళ పనిలో ఆయన చెప్పిన పని నేను చేయకుండా ఆపింది లేదు. రేపు చెబుతాను అని మాత్రం అన్నాను.

దవాఖానలో

ఆ సాయంత్రం దవాఖానకు వెళ్ళాను. అంజమ్మ కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. మొహం చిన్నదైపోయింది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. కాంట్రాక్టర్ హ్యాండిల్ తీసేయమంటున్నాడని, మిగతా ఆడవాళ్ళు కూడా భయపడి తీసేస్తేనే మంచిదంటున్నారని చెప్పాను. నిజం చెప్పాలంటే, తీసెయ్యి అన్నా అని ఆమె అంటే నా బాధ తీరిపోతుందనే ఆశతోనే వెళ్ళాను.



"పడ్డది నేను. తీసెయ్యుమని నేనన్ననా అన్నా?" అంది.

నేను మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను.

"పడితే తుంటి ఇరిగింది, దవాఖానల పండుకున్న. ఆ దినం సెల్లార్ల శీను రాకపోతే ఏడ పండుకుంటుంటిమి? నువ్వే చెప్పు. అది తియ్యకు. ఇంకేమన్న చేస్తవో చెయ్యి గని అది తియ్యకు."

బయటికి వచ్చి చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను. ఇంత నొప్పిలో కూడా ఆ మనిషికి ఏది కావాలో స్పష్టంగా తెలుసు. తలుపు తన చేతిలో ఉండాలి, అంతే.

మరునాడు పాత హ్యాండిల్ ఊడదీశాను. దాని చోట తలుపులోకి గుంటలా దిగి ఉండే హ్యాండిల్ పెట్టాను. వేళ్ళు లోపలికి పెట్టి పైకి లేపితేనే తెరుచుకుంటుంది. దాని మీద దారం కూడా తగిలించలేరు. రెండు గోడల పొడుగునా కడ్డీ వేసి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క కొక్కెం బిగించాను. ప్రసాదరావు గారు వచ్చి నిలబడి చూశారు. ఆపమంటారేమోనని నేను తల ఎత్తలేదు. ఆయన ఒక కొక్కేన్ని చేత్తో లాగి చూసి, కాంట్రాక్టర్‌కి నేను చెప్పుకుంటానండీ అని వెళ్ళిపోయారు.

కాంట్రాక్టర్ వచ్చాడు. కొక్కేలు చూసి, బాగున్నాయి, నీట్‌గా ఉంది అన్నాడు. హ్యాండిల్ వైపు చూశాడు గానీ ఏమీ అనలేదు. వ్యాన్ తీసుకుపోయాడు. నేనూ ప్రసాదరావు గారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గెలిచామనే అనుకున్నాం. పని మన చేతిలోంచి వెళ్ళిపోయాక దాని మీద మనకు ఏ హక్కూ ఉండదని, ఇంత వయసు వచ్చీ నేను మర్చిపోయాను. మీరు మర్చిపోకండి.

ఆ తర్వాత

ఆ తర్వాత ఎంతోకాలం కాకుండానే జాగా యజమాని షెడ్డు ఖాళీ చేయించాడు. ప్రసాదరావు గారు ఊరికి వెళ్ళిపోయారు. నా వయసుకు కొత్త షెడ్డు వెతుక్కునే ఓపిక లేక నేనూ పని చాలించాను. రిటైరయ్యారంటారు గానీ, మాలాంటివాళ్ళం రిటైర్ కాము, ఆగిపోతాము.

మొన్నామధ్య పొద్దున్నే పాలకు వెళ్ళి వస్తుంటే కొత్తగూడ చౌరస్తాలో అంజమ్మ కనిపించింది. ఒక పక్కకు ఒరిగి, చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. అదే యూనిఫాం చీర, భుజానికి అన్నం సంచి. ఆమెతో పాటు ఇంకొందరు ఆడవాళ్ళు వ్యాన్ కోసం చూస్తున్నారు. ఎలా ఉన్నావమ్మా అంటే, గిట్లనే ఉన్న అన్నా అని నవ్వింది. పిల్లలెట్లున్నరు, వదినెకు బీపీ తగ్గిందా అని అన్నీ అడిగింది. నేను హ్యాండిల్ గురించి అడిగాను.

"అదెప్పుడో తీసేసిండ్రన్నా," అంది. "నీ కాడికెల్లి తోల్కపోయినంక వేరేకాడ రేకు కొట్టిచ్చిండ్రు. నేను దవాఖానకెల్లి వచ్చేసరికే లేదు. బయట గొళ్లెం గూడ పెట్టిండ్రు, మల్ల ఎవరు పడొద్దని."

మరి మళ్ళీ అదే బండి ఎందుకు ఎక్కుతున్నావమ్మా, ఎలాగో ఇంకో పని చూసుకోకపోయావా అన్నాను. అడగకూడని మాట అడిగానని నోరు దాటాక తెలిసింది.

"గీ కాలుతోని ఏడికి నడుస్తనన్నా?" అంది. "బండి ఇంటి దగ్గరికి వస్తదనే ఈ పని ఇడువలే."

నా మొహంలో ఏం కనిపించిందో, ఆమె నా చెయ్యి పట్టుకుని, కొక్కేలు మాత్రం ఉంచిండ్రు, సంచులు ఒక్కటి గూడ పడ్తలేవు అంది. నన్ను ఓదార్చడానికే అందని తెలుసు. ఆమె నన్ను ఓదార్చడం నాకు సిగ్గుగా అనిపించింది.

ఇంతలో వ్యాన్ వచ్చింది. శీను దిగి వెనక్కి వచ్చాడు, నన్ను చూసి తల దించుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు అంజమ్మను చంకల కింద పట్టి ఎక్కించారు. ఆమె సంచిని కొక్కేనికి తగిలించి, తలుపు పక్కన పాత చోట్లోనే కూర్చుంది. హ్యాండిల్ ఉండాల్సిన చోట నాలుగు మూలలా రివెట్లు కొట్టిన రేకు ముక్క. ఎవరు కొట్టారో గానీ శుభ్రంగా కొట్టారు.

గొళ్లెం వేయకురా శీనూ, తలుపు దగ్గరికి నెడితే చాలదా అన్నాను. నా చేతుల లేదు కాకా, వేసినట్టు కాంట్రాక్టర్‌కు ఫోటో పంపాలె అన్నాడు. తలుపులు రెండూ దగ్గరికి నెట్టాడు. నేను చూస్తున్నానని కాబోలు, గొళ్లెం చప్పుడు కాకుండా మెల్లగా వేశాడు.